ఇంకో గంటలో లేస్తుంది

మా పాత అనంతపురం జిల్లాలో విమానాశ్రయం ఉందంటే బయటివాళ్ళు నమ్మరు. ధర్మవరం నుంచి బస్సులో గంటలోపు దూరం. రాళ్ళగుట్టల మధ్య ఒక రన్‌వే, దాని పక్కన మా ఊళ్ళో పెళ్ళి హాలంత కూడా లేని ఒక గది, గది ముందు ఎండి పసుపుపచ్చగా మారిన గడ్డి. నేను అక్కడ నాలుగేళ్ళు కౌంటర్లో కూర్చున్నాను. ఆ ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే "బాగుండేది" అని చెప్పి మాట మార్చేస్తాను. నిజం చెప్పాలంటే, అది గుర్తొస్తే ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది. ఆ చేదులో సగం ఆ విమాన కంపెనీది. మిగతా సగం నాది.

సర్వీసు మొదలైన రోజే నేను ఉద్యోగంలో చేరాను. మా నాయన పట్టు మగ్గం నేస్తాడు. నేను డిగ్రీ అయ్యాక ఏడాది పాటు ఇంట్లో మగ్గానికి పోగుల కండెలు చుడుతూ కూర్చున్నాను. ఇంగ్లీషు వచ్చు, కన్నడం వచ్చు, బెంగళూరికి పోను అన్నాను కాబట్టి ఈ ఉద్యోగం దొరికింది. మెరూన్ రంగు స్కార్ఫ్, నల్ల ప్యాంటు, ఒంటికి అతుక్కుపోయే పాలిస్టరు కోటు ఇచ్చారు. మే నెల ఎండలో ఆ కోటు వేసుకుని వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా లేచి చూశారు. నాయన మగ్గం గుంటలోంచి పైకి రాకుండానే తల ఎత్తి, "ఉడుకు పోయదామ్మే దాంట్లో?" అన్నాడు. అంతకంటే పొగడడం ఆయనకు రాదు.

ప్రారంభోత్సవానికి పెద్ద నాయకుడు వచ్చాడు. షామియానా, గజమాల, డప్పులు. మొదటి విమానం దిగి మా వైపు వస్తుంటే రెండు ఫైరింజన్లు అటూ ఇటూ నిలబడి దాని మీద నీళ్ళు చిమ్మాయి. కొత్త సర్వీసుకు అలా నీళ్ళతో స్వాగతం చెప్పడం ఆనవాయితీ అట. రెండు నీటిధారలు ఆకాశంలో తోరణంలా కలుసుకున్నాయి. మధ్యలోంచి తెల్లటి విమానం తడుస్తూ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కంచె అవతల పక్క ఊరి జనం నిలబడి ఉన్నారు. ఆ ఏడు ఆ ఊరికి వారానికి రెండుసార్లే ట్యాంకరు వచ్చేది. నేను లగేజీ ట్యాగుల పెట్టె తీసుకుని కంచె పక్కగా నడుస్తుంటే ఒక ముసలమ్మ నన్ను పిలిచింది.

"ఏమ్మా, ఆ నీళ్ళు యాడివి?"

"ఈడ బోరు ఉండాది అవ్వా."

"బోర్లో నీళ్ళున్నాయా? ఉండి ఇట్ల పారబోస్తాండారా?"

నేను పెట్టె చంకకు సర్దుకున్నాను. ఆమె ఉమ్మేసి పక్కకు తిరిగింది. నాకప్పుడు ఆమె మీద కోపం వచ్చింది. మంచి రోజున అపశకునంలాగా మాట్లాడిందనుకున్నాను. ఉద్యోగం వచ్చిన మొదటి రోజే నా బుర్ర ఎటువైపు తిరిగిపోయిందో తర్వాత ఎప్పటికో అర్థమైంది.

విమానం గురించి నాకు చెప్పినవాడు గుత్తి సారు. ఆయన మా మెకానిక్కు. గుత్తి మనిషి, చిన్నప్పుడే మిలటరీలో చేరి విమానాల మధ్యే జుట్టు నెరిపించుకుని వచ్చాడు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఈ ఉద్యోగంలో చేరాడట. పొద్దున్నే నమాజు చేసుకుని, టీ గ్లాసు పట్టుకుని, విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం వేసేవాడు. దాని పొట్ట మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు, జ్వరం చూసినట్టు.

అది రెండు పంకాల విమానం. డెబ్బై మంది దాకా కూర్చోవచ్చు. రెక్కలు పైన ఉంటాయి, వాటికి చెరొక పంకా. దాన్ని టర్బోప్రాప్ అంటారని ఆయనే చెప్పాడు. "పంకా చూసి పాతకాలంది అనుకుంటారు బేటీ జనం. లోపల ఉండేది జెట్ ఇంజనే. ఆ జోరుతో పంకా తిరుగుతాది. తక్కువ నూనె తాగుతాది, పొట్టి రన్‌వే చాలు. మన అట్లాటి ఊర్లకు ఇదే సరైన బండి. పెద్ద జెట్టు ఈడికి రాదు, వచ్చినా నిండదు."

మొదటి ఏడాది ఆయన మాటే నిజమైంది. రోజూ పొద్దున చెన్నైకి ఒకటి, సాయంత్రం తిరిగి ఒకటి. పట్టుచీరల మూటలతో వ్యాపారులు, ఆస్పత్రులకు పోయేవాళ్ళు, ఎప్పుడూ విమానం ఎక్కని ముసలివాళ్ళు. ప్రభుత్వం సాయం చేసేది కాబట్టి కొన్ని సీట్లు తక్కువ ధరకే దొరికేవి. చుట్టుపక్కల చేలల్లో వేరుశనగ కలుపు తీసే ఆడవాళ్ళు దాని మోత విని పొద్దు తెలుసుకునేవాళ్ళు.

ఒకసారి నన్నూ ఎక్కించారు, సిబ్బందికి ఉచితం అని. కిటికీ పక్కన కూర్చున్నాను. రెక్క పైన ఉండడంతో కింద అంతా కనిపిస్తుంది, పైగా అది మరీ ఎత్తుకు పోదు. ఎర్రటి నేల, దాని మీద గీతలు గీసినట్టు దుక్కులు, ఎండిపోయిన చెరువుల తెల్లటి అడుగులు, ఎక్కడో ఒక మూల బుక్కరాయసముద్రం చెరువు మాత్రం అద్దం ముక్కలా తళుక్కుమంది. మేము పుట్టి పెరిగిన నేల ఇంత ఎండిపోయి, ఇంత అందంగా ఉంటుందని నాకు తెలీదు. దిగేటప్పుడు గుత్తి సారు నా ముఖం చూసి నవ్వాడు. "చూసినావా? జెట్టులో ఎక్కితే మబ్బులే కనిపిస్తాయి."

చెడిపోవడం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ముందు జనమే దాన్ని చిన్నచూపు చూశారు. భూములూ రాజకీయమూ రెండూ ఉన్న ఒక ఇంటివాళ్ళు పెళ్ళివారి కోసం విమానం మొత్తం మాట్లాడుకున్నారు. వచ్చి రన్‌వే మీద దాన్ని చూడగానే పెళ్ళికొడుకు చిన్నాయన నా మీద అరిచాడు. "ఏమ్మా ఇది? పంకాలు తిరిగే డొక్కు ఇమానం పెట్టినారు? ఫొటోల్లో ఎట్ల పడతాది? నగుబాటు గదా మాకు!" ఆ మనిషి తోటలో మోటరు పాడైతే పాత సామానుతోనే బాగుచేయించుకునే రకం. ఫొటోల కోసం మాత్రం ఆయనకు జెట్టు కావాలి. చివరికి సగం మంది బెంగళూరు పోయి అక్కడి నుంచి జెట్టులో వెళ్ళారు.

బెంగళూరు విమానాశ్రయం మా వైపే ఉంటుంది. నాలుగు వరుసల రోడ్డు పడ్డాక కారులో మూడు గంటలు. ఇంక మా హాలుకు ఎవరొస్తారు? వచ్చేవాళ్ళను నిలబెట్టుకోవాలంటే టైముకు విమానం లేవాలి. అది లేవడం మానేసింది.

పైలట్లు పంకాల విమానంలో ఎగిరిన గంటల అనుభవం పోగేసుకుని జెట్టు కంపెనీలకు వెళ్ళిపోయేవాళ్ళు. కొత్తవాళ్ళు దొరికేవాళ్ళు కాదు. రోజూ వచ్చే సర్వీసు ముందు వారానికి నాలుగు రోజులైంది, తర్వాత మూడు. కంపెనీకి ఉన్న మూడు విమానాల్లో ఒకదాన్ని మా రన్‌వే చివర నిలబెట్టి, దానిలోంచి భాగాలు పీకి మిగతా రెండింటికీ వేయడం మొదలుపెట్టారు. ఒకరోజు చక్రం, ఒకరోజు కాక్‌పిట్ లోంచి ఏదో మీటరు. గుత్తి సారుకు పై నుంచి ఫోను వచ్చేది, ఫలానాది విప్పి పంపమని. ఆయన విప్పేవాడు. విప్పి, గుడ్డతో తుడిచి, పాత చీర ముక్కలో చుట్టి పార్శిలు చేసేవాడు. "కసాయి పని చేపిస్తాండారు నాతో" అని ఒకసారి అన్నాడు. ఆ రోజు అన్నం తినలేదు.

నా పని వేరే. నేను మాటలు చెప్పాలి. మా మేనేజర్ వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కుర్రాడు, ఎక్కువగా బెంగళూరులో కూర్చుని ఫోనులోనే పనిచేసేవాడు. ఆయన నాకు నేర్పిన మొదటి నియమం: విమానం రద్దయిందని మన నోటితో అనకూడదు. రద్దు అంటే ప్రయాణికులకు వేరే ఏర్పాటు చేయాలి. ఆలస్యం అంటే అక్కర్లేదు. గంట గంటకూ ఆలస్యం చెబుతూ పోతే వాళ్ళే విసిగి వెళ్ళిపోతారు. వెళ్ళిపోయినవాళ్ళకు మనం బాధ్యులం కాదు. రెండో నియమం: కారణం అడిగితే వాతావరణం అనాలి.

వాతావరణం! వాన కోసం ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసిన మనుషులకు, మబ్బు తునక లేని పొద్దున, వాతావరణం బాగలేదని చెప్పాలి. మొదటిసారి చెప్పినప్పుడు మడకశిర వైపు నుంచి వచ్చిన ఒక గొర్రెల కాపరి పెద్దగా నవ్వాడు. "యాడమ్మా వాతావరణం? చూపీ, ఒకసారి కండ్లారా చూసిపోతాం." చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను కూడా నవ్వాను. పదిసార్లు చెప్పాక నవ్వు రాలేదు. యాభైసార్లు చెప్పాక నా గొంతు దానంతట అదే చెప్పేది, తియ్యగా, చిన్నగా తల వంచి. ఆ గొంతు నాకు నచ్చేది కూడా. ఎంత కోపంగా వచ్చినవాడైనా దాని ముందు మెత్తబడేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ గొంతును పట్టుకుని పీకేయాలనిపిస్తుంది.

ఇక పెదనాయన సంగతి.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. మా వీధిలో మూడిళ్ళ అవతల ఉంటాడు. నాయన కంటే పెద్దవాడు, నాయనకు జరీ పని నేర్పినవాడు. అందుకని మేము పెదనాయన అంటాం. అంచుల మీద హంసలూ మామిడి పిందెలూ నేయడంలో మా పేటలో ఆయన తర్వాతే ఎవరైనా. నేసేటప్పుడు ఒక్క పోగు తప్పినా రెండు బారల అవతలి నుంచి కనిపెట్టేవాడు.

ఒక సాయంత్రం ఆయన ఎడమ కంట్లో పైనుంచి నల్ల పరదా దిగినట్టు అయిందట. అనంతపురంలో డాక్టరుకు చూపిస్తే, కంటి లోపలి పొర ఊడుతోందని, అది నడిమధ్యకు రాకముందే ఆపరేషన్ జరగాలని, రేపు మధ్యాహ్నం లోపల ఏదో ఒక పెద్ద ఆస్పత్రికి చేరమని చెప్పాడు. చెన్నైలో తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసి ఒప్పించాడు కూడా. వాళ్ళ అల్లుడు, నేను బావ అని పిలుస్తాను, వెంటనే మా విమానానికి రెండు టికెట్లు తీశాడు. రోడ్డు మీద ఎనిమిది గంటలు ఎగిరెగిరి పడడం కంటే గంట విమానం మేలు కదా.

మర్నాడు నేను ఆరింటికే డ్యూటీకి చేరాను. ముందు రోజు సాయంత్రం వచ్చిన విమానం ఎదురుగా నిలబడి ఉంది. గుత్తి సారు నిచ్చెన మీద ఉన్నాడు. ఎడమ ఇంజను మూత తెరిచి ఉంది. నన్ను చూసి కిందికి దిగాడు.

"బేటీ, ఈ పొద్దు ఇది లేయదు. నూనె కారుతాండాది, సీలు పోయింది. కొత్తది చెన్నై నుంచి రోడ్డు మీద రావల్ల. సాయంత్రమైతాది. జనం వస్తారు గదా, ముందే చెప్పి పంపించెయ్."

నేను మేనేజర్‌కు ఫోన్ చేశాను. అప్పుడు టైము ఆరున్నర. ఆయన నిద్రగొంతుతోనే, "ఒక గంట ఆలస్యం అని చెప్పు. వాతావరణం" అన్నాడు. "సార్, సాయంత్రం దాకా లేవదట" అన్నాను. "నేను చెప్పింది వినబడిందా?" అని పెట్టేశాడు.

ఏడింటికి పెదనాయన వచ్చాడు. తెల్ల పంచె, మడత నలగని చొక్కా, ఎడమ కంటి మీద దూది కట్టు. బావ ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. నన్ను కౌంటర్లో చూడగానే పెదనాయన ముఖం తేరుకుంది.

"మన పాపే ఉండాది కదప్పా ఈడ! ఇంగ దిగుల్లేదు."

బావ కౌంటరు మీదికి వంగి మెల్లగా అడిగాడు. "టైముకు పోతాదా? ఏమన్నా తేడా ఉంటే ఇప్పుడే చెప్పు పాపా. కారు బయటే ఉండాది. బెంగళూరుకు పోతాము. ఆడ గూడా పెద్దాసుపత్రి ఉండాది, పది, పదిన్నరకంతా చేరుకుంటాము."

ఆ క్షణాన్ని నేను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో లెక్కలేదు. హాల్లో అప్పటికి పదిమందే ఉన్నారు. బావ చెవిలో ఒక్కమాట చెబితే ఎవరికీ తెలిసేది కాదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, నిజమే. ఇంట్లో మగ్గం ఆగిపోయి నా జీతంతోనే పొయ్యి వెలుగుతున్న రోజులవి. కానీ అది సాకు. నేను ఆ క్షణంలో భయపడనే లేదు. ఆలోచించనే లేదు. అలవాటుగా తల కాస్త వంచి, ఆ తియ్యటి గొంతుతో చెప్పాను.

"ఇంకో గంటలో లేస్తాది బావా. రవంత వాతావరణం."

ఎనిమిదింటికి ఇంకో గంట అన్నాను. తొమ్మిదింటికి ఇంకో గంట. చెప్పడానికి ప్రతిసారీ నేనే లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళాను, మన మనుషులని గౌరవంగా. కదలకుండా కూర్చోమన్నాడట డాక్టరు. పెదనాయన ఇనుప కుర్చీలో మెడ తిప్పకుండా బొమ్మలా కూర్చున్నాడు. పదింటికి నేను మజ్జిగ తెచ్చి ఇచ్చాను. "పరదా ఇంగా కిందికి దిగుతాండాది పాపా" కట్టు కాస్త ఎత్తి, కుడి కన్ను మూసుకుని అన్నాడు, ఫిర్యాదులా కాదు, సంగతి చెబుతున్నట్టు. "ఇంతకుముందు నీ మొగం సగం కనిపిస్తాండె. ఇప్పుడు కింద గదవ మాత్రమే."

అప్పుడైనా చెప్పలేదు. మూడు గంటలు అబద్ధం చెప్పాక నిజం చెప్పాలంటే ఆ మూడు గంటలకూ జవాబు చెప్పాలి. అందుకని బాత్రూములోకి పోయి మేనేజర్‌కు మళ్ళీ ఫోన్ చేశాను. ఒక పేషెంటు ఉన్నాడని బతిమాలాను. "వాళ్ళు వెళ్ళాలనుకుంటే వెళ్ళమను, మనమేమైనా తాళం వేశామా?" అన్నాడు. బయటికి వచ్చి కౌంటర్లో కూర్చున్నాను.

పదకొండున్నరకు గుత్తి సారు మంచినీళ్ళ కోసం హాల్లోకి వచ్చాడు. చేతులకు మోచేతుల దాకా నల్ల నూనె. నిండా ఉన్న కుర్చీలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మీరు ఇంగా ఈడనే ఉండారా?" అన్నాడు. "ఆ ఇమానం సాయంత్రం దాకా లేయదు. పొద్దన్నే చెప్పినాను. పోండి, పోండి, ఏదో ఒక బండి చూసుకోండి."

ఒక్కసారి గోల లేచింది. అందరూ కౌంటరు మీదికి వచ్చారు. ఒకాయన నా కంప్యూటరును తోసేశాడు. "ఏం మనిషివమ్మా నువ్వు? నోరు తెరిస్తే అబద్ధమేనా?" అని ఒకావిడ నా ముఖం మీదికి వేలు పెట్టి అరిచింది. ఆ గుంపును చీల్చుకుని పెదనాయన గొంతు వినిపించింది. బావ చెయ్యి వదిలించుకుని, తడుముకుంటూ నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆ బిడ్డనెందుకప్పా తిడతారు? దానికేం తెలుసు? పైనోళ్ళు ఏం చెప్తే అది చెప్పింది. మా వీధి పిల్ల అది. తెలిసుంటే నాకు చెప్పకుండా ఉంటాదా?"

గుత్తి సారు నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయనకు తెలుసు, ఆరున్నరకు నాకే చెప్పాడు. నీళ్ళు తాగకుండానే గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

బావ పెదనాయనను కారెక్కించి బెంగళూరు తీసుకుపోయాడు. ఆపరేషను మరుసటి రోజు చేశారు. అప్పటికి ఊడిన పొర నడిమధ్య దాటిపోయిందట. డాక్టర్లు చేయగలిగింది చేశారు. కంట్లో గాలి నింపి, కొన్ని వారాలు బోర్లా పడుకోమన్నారు, విమానం మాత్రం అసలు ఎక్కకూడదన్నారు. ఆ మాట చెప్పి బావ ఒకరకంగా నవ్వాడు. ఎడమ కంటికి ఇప్పుడు వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. ఒంటికంటితో సన్నటి జరీ అంచు నేయడం కుదరదు. పోగు దగ్గరుందో దూరముందో అంచనా దొరకదట. పెదనాయన అంచు నేత మానేసి కండెలు చుట్టే పనికి దిగాడు.

గుత్తి సారును ఆ వారంలోనే తీసేశారు, ప్రయాణికులతో నేరుగా మాట్లాడినందుకు. వెళ్ళేరోజు తన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని అందరికీ సలాం చెప్పాడు. నా కౌంటరు దగ్గరికి రాలేదు. నేనే గేటు దాకా వెంటపడి "సార్" అని పిలిచాను. ఆగాడు.

"చదువుకున్నదానివని పొద్దన్నే నీకే చెప్పినాను గదమ్మా" అన్నాడు. బేటీ అనలేదు.

తర్వాత ఆరు నెలలు కూడా ఆ సర్వీసు నడవలేదు. ప్రభుత్వం ఇచ్చే సాయం గడువు ముగియగానే కంపెనీ చేతులు దులుపుకుంది. ఆఖరి విమానం ఇదేనని కూడా ఎవరూ చెప్పలేదు. ఒక గురువారం వెళ్ళింది, శనివారం రాలేదు. వచ్చే వారం వస్తుందని చెప్పమన్నారు. చెప్పాను. ఆ తర్వాత నాకే జీతం రాలేదు, ఫోను ఎత్తేవాళ్ళు లేరు. ప్రారంభానికి గజమాల వేయించుకున్న నాయకుడు ఆ ఊసే ఎత్తలేదు. పక్క ఊరికి ట్యాంకరు మాత్రం వారానికి రెండుసార్లే వస్తూ ఉంది.

రన్‌వే చివర నిలబెట్టిన విమానం అలాగే మిగిలిపోయింది. ఇంజన్లు ఎవరో వచ్చి పట్టుకుపోయారు. కిటికీలు ఎండకు పాలిపోయాయి, లోపల గోరింకలు గూళ్ళు పెట్టాయి. చివరికి హైవే మీద హోటలు పెట్టే ఒకాయన దాన్ని వేలంలో కొని, రెక్కలు కోసి, లారీ మీద వేసుకుపోయాడు. గులాబీ రంగు పూసి, ఏసీ పెట్టి, లోపల బల్లలు వేశాడు. వడ్డించే అమ్మాయిలకు స్కార్ఫులు కట్టించాడు. మెనూ కార్డు బోర్డింగ్ పాస్ ఆకారంలో ఉంటుంది. అది ఎగిరినన్నాళ్ళు డొక్కు విమానమని వెక్కిరించిన జనమే ఇప్పుడు ఆదివారాలు బయట వరసలో నిలబడి, దాని ముందు ఫొటోలు దిగుతున్నారు.

పోయిన ఏడాది పెదనాయన మనవరాలి పుట్టినరోజు అక్కడ చేశారు. "నువ్వు పనిచేసిన ఇమానమే గదా, రావల్ల" అని పెద్దమ్మ స్వయంగా ఇంటికొచ్చి పిలిచింది. నాయన వెళ్ళమన్నాడు. వెళ్ళాను.

లోపల మాంసం మసాలా వాసన, దాని మీద ఏదో సెంటు. ఒక బల్ల చుట్టూ పెదనాయన, పెద్దమ్మ, వాళ్ళ కూతురు అక్క, బావ, పిల్లలు. పెదనాయన నన్ను తన కుడి పక్కన, కనిపించే కంటి వైపు కూర్చోబెట్టుకున్నాడు. బిర్యానీ వచ్చింది. పిల్లలు గోల చేస్తుంటే ఆయన మనవరాలికి నన్ను చూపించి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఈ పిన్నమ్మ ఎంత మంచిదో తెలుసునా? ఆ పొద్దు మేము కూచోనుంటే గంటగంటకూ వచ్చి చెప్పి పోయింది. మజ్జిగ తెచ్చిచ్చింది. అందరూ తిడతాంటే ఏడ్చుకుంటా నిలబడింది పాపం."

నోట్లో ముద్ద లోపలికి పోలేదు. కాగితంలో ఊసి, నీళ్ళు తాగాను.

"పెదనాయనా, నాకు తెలుసు" అన్నాను.

"ఏంది?"

"ఇమానం లేయదని. పొద్దన్నే ఆరున్నరకు నాకు చెప్పినారు. మీరు వచ్చినప్పుడే నాకు తెలుసు."

బావ చెయ్యి ప్లేటులో ఆగిపోయింది. పెద్దమ్మకు మొదట అర్థం కాలేదు, అక్క మొహం చూసి అర్థమైంది. పెదనాయన మెల్లగా మొత్తం తల నా వైపు తిప్పాడు. ఒక్క కన్నుతో నన్ను నిండుగా చూడాలంటే ఆయన అలాగే తిప్పాలి.

"మీ బావ అడిగినాడు గదా నిన్ను, టైముకు పోతాదా అని?"

"అడిగినారు."

"కారు బయటే ఉండె."

"ఉండె, పెదనాయనా."

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. అరుస్తాడేమో అనుకున్నాను. అరిస్తే బాగుండును అనుకున్నాను.

"పిల్లోల్ల పండగ, ఈడ ఏమీ అనను" అన్నాడు. "నువ్వు లేసి పో. ఇంగ మా ఇంటికి రావద్దు. మీ నాయన వస్తాడు, వాని మీద నాకేం లేదు. నువ్వు మాత్రం రావద్దు."

లేచి, మెట్లు దిగి, హైవే పక్కన నడిచి, ధర్మవరం బస్సు ఎక్కాను. ఇంటికొచ్చి నాయనకు అంతా చెప్పాను. ఆయన మగ్గం ఆపాడు. "నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్ళు?" అని మాత్రం అడిగాడు. మర్నాడు పొద్దున్నే పెదనాయన ఇంటికి వెళ్ళి, మధ్యాహ్నం దాకా ఆయన పక్కన కూర్చుని కండెలు చుట్టి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

ఇప్పుడు నేను ఒక బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. బస్టాండుకు పోయే దారి పెదనాయన ఇంటి ముందు నుంచే. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి మొహం పక్కకు తిప్పుకుంటాడు. అడ్డదారి ఒకటి ఉంది, నేను దాన్ని ఎంచుకోలేదు. రోజూ ఆ అరుగు ముందు నుంచే పోతున్నాను.